లోపలి మూడు కుట్లు

కుట్టినవాళ్ల చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే జాకెట్టును తిరగేసి చూడాలి. మెడ డిజైనూ, పైపింగూ, చేతి అంచూ పైకి ఎంత ముద్దొచ్చినా అసలు సంగతి చెప్పేది లోపలివైపే. ఇప్పుడు నా ముందున్నది తిరుపతిలో మా చిన్నమ్మ తన తొక్కుడు మిషను మీద తనకోసం కుట్టుకున్న జాకెట్టు. వెంకటగిరి నేతచీరతో వచ్చిన ముక్క. 36 సైజు, నాలుగు టక్కులు, ముందు హుక్కులు, మోచేతికి కాస్త పైదాకా చేతులు. దీనికి ఏ టైలరూ టేపు పట్టలేదు. దుకాణంలో కొన్న కాగితం కటింగుతో మొదలై, ఆ కాగితం ఊహించని చోట ముగిసిన పని ఇది.

ఆ కాగితం సెట్టు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. గాంధీ రోడ్డులోకో, చిత్తూరు బజారు వీధిలోకో మ్యాచింగుకు వెళ్లిన ఆడవాళ్లకు లైనింగు గుడ్డ, ఫాల్సు, హుక్కుల అట్ట, దారం రీళ్లు తెలిసినంతగా ఇది తెలియకపోవచ్చు. మందపాటి కాగితం మీద సైజు వేసి, ముక్కలుగా కత్తిరించి అమ్ముతారు. 32, 34, 36 అని రెండేసి అంగుళాల తేడాతో సెట్లు ఉంటాయి. లోపల ఉండేవి అయిదే ముక్కలు: వీపు, ముందు, చెయ్యి, నడుము పట్టీ, హుక్కుల పట్టీ. వీపు సగమే ఉంటుంది, గుడ్డ మడతమీద పెట్టి కోయాలి కాబట్టి. ముందు భాగం మీద టక్కుల చోట చిన్న చిన్న చిల్లులు, చేతి గుండ్రం మీద ఒక గాటు. ఎలా కుట్టాలో చెప్పే మాట ఒక్కటీ ఉండదు. కుట్టడం వచ్చినవాళ్లే కొంటారన్న నమ్మకం కాబోలు.

ఇలాంటి కాగితాన్ని సైజుల వారీగా అమ్మడం అమెరికాలో మొదలైంది. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ చొక్కాల కాగితాలు సైజుల లెక్కన అమ్మాడు. అంతకుముందు పత్రికల్లో వచ్చే పటాలు ఒకే సైజులో ఉండేవి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. బటరిక్ కాగితాల మీద మొదట్లో అచ్చు ఉండేది కాదు. పల్చటి కాగితంలో చిల్లులు పొడిచేవాళ్లు, ఏ చిల్లు టక్కుదో, ఏ చిల్లు పోగు దిక్కుదో కొన్నవాళ్లు గుర్తుపట్టాలి. మన సెట్టులోని చిల్లులు ఆ పద్ధతికి వారసులే. జర్మనీలో ఏనె బుర్దా 1950లో మొదలుపెట్టిన పత్రిక 1952 నుంచి పటాల షీటునే లోపల పెట్టి ఇచ్చింది. ఒకే షీటు మీద పది దుస్తుల గీతలు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. కావలసిన గీతను వెతికి పట్టుకుని వేరే కాగితం మీదికి దించుకోవాలి. మొదటిసారి చూసినవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

ఆ ప్యాకెట్లూ షీట్లూ మన ఇళ్లలోకి పెద్దగా రాలేదు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. వీధి మలుపులో టైలరు ఉన్నాడు, ఇంట్లో ఆది జాకెట్టు ఉంది. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి సంచిలో వేసి ఇస్తే చాలు, టేపుతో పనిలేదు. అదే మన ప్యాటర్ను. ఒంటిమీద నెగ్గి వచ్చిన ప్యాటర్ను కాబట్టి దానికి ఏ కంపెనీ కాగితమూ సాటిరాదు. కానీ దానికొక జబ్బుంది. ఆది జాకెట్టు ఉతికి ఉతికి సాగుతుంది. క్రాసులో, అంటే పోగుకు ఏటవాలుగా, కోసిన ముందు భాగం మరీ సాగుతుంది. సాగిన కొలతతో కోసిన కొత్తది కాస్త వదులుగా వస్తుంది, మళ్లీ ఏడాదికి అదే ఆది అవుతుంది. పోలికలో పోలిక తీస్తూ పోతే పదేళ్లకు భుజం ఎక్కడుండాలో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కాగితం సాగదు. చిన్నమ్మ కాగితం కొన్నది అందుకే.

కొన్న కాగితాన్ని నేరుగా గుడ్డ మీద పెట్టదు ఆమె. ముందు దినపత్రిక మీద పరిచి గీత గీస్తుంది. 36 సైజుకు ముందు భాగం వెడల్పు నాలుగో వంతు, అంటే తొమ్మిది అంగుళాలు, కుట్టుకు రెండు కలిపితే పదకొండు. పొడవు పద్నాలుగు, పదిహేను. దినపత్రికలో ఒక పేజీ సరిపోతుంది. మన ప్రాంతంలో మిషను నేర్చుకున్న ఆడపిల్లలందరూ కత్తెర పెట్టింది మొదట వార్తల మీదే. సంపాదకీయం నడుమ కూడా మెడ లోతు తీస్తారు.

ఇక్కడ కాస్త ఆగి, కొన్న కాగితాన్ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. సైజు పెంచడమంటే ఫొటో పెద్దది చేయడం లాంటిది కాదు. ఛాతీ 34 నుంచి 36 అయితే కాగితం నాలుగో వంతే కాబట్టి పక్కకు అర అంగుళం పెరుగుతుంది. భుజం మాత్రం అంత పెరగదు. ఒళ్లు వచ్చిన మనిషికి ఎముకలు పెరగవు కదా. మెడ వెడల్పు ఇంకా తక్కువ పెరుగుతుంది. నాసిరకం సెట్లలో అన్నిటినీ ఒకే లెక్కన పెంచేస్తారు. 42 సైజు కాగితం చూస్తే భుజం మోచేతి దాకా జారిపోయేలా ఉంటుంది. చిన్నమ్మ దగ్గరున్న సెట్లు గీసినవాళ్లెవరో గానీ పని తెలిసినవాళ్లు. 36నూ 40నీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. పక్క కుట్టు దగ్గర అంగుళం ఎడం, భుజం చివర పావు అంగుళం కూడా లేదు. ముంబై దాదర్‌లోని జరాప్కర్ వాళ్ల కటింగు పుస్తకం చదివి నేర్చుకున్న టైలర్లు దేశమంతటా ఉన్నారు. ఛాతీ కొలతను నాలుగో వంతు, ఎనిమిదో వంతు అని పంచుకుంటూ తక్కిన కొలతలు రాబట్టే పద్ధతి అది. అలాంటి లెక్క వెనక ఉన్న కాగితానికీ, ఏదో జాకెట్టు విప్పి గీసిన కాగితానికీ తేడా భుజం దగ్గరే బయటపడుతుంది.

రెండో మెచ్చుకోలు చంక గుండ్రానికి. కుట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లు చంక బిగుతుగా ఉందంటే కిందికి కోసేస్తారు. అలా కోస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంక ఎంత పైకి ఉంటే చెయ్యి అంత తేలిగ్గా ఆడుతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా ఒంటిమీద వేసుకుంటే నిజం తెలుస్తుంది. దండెం మీద బట్టలు ఆరేసే మనిషికి, అటక మీది డబ్బా దించే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఈ కాగితంలో చంక పైకే ఉంది. వీపు వైపు కన్నా ముందు వైపు అర అంగుళం లోపలికి తవ్వి ఉంది, చెయ్యి ముందుకు కదులుతుంది కాబట్టి. చేతి ముక్క మీద ఉన్న ఆ ఒక్క గాటు ఏది ముందు, ఏది వెనక అని చెప్పడానికే. ఆ గాటు చూడకుండా చేతులు తారుమారు చేసి కుట్టినవాళ్ల జాకెట్టు భుజం మీద ముడతలతోనే పట్టుబడుతుంది.

మూడోది టక్కులు. ఒక్కో ముందు భాగానికి నాలుగు: కింద నడుము పట్టీ మీంచి ఒకటి, హుక్కుల వైపు నుంచి ఒకటి, చంక నుంచి ఒకటి, పక్క కుట్టు నుంచి ఒకటి. నాలుగూ ఒకే బిందువు వైపు చూస్తాయి, ఏదీ దాన్ని తాకదు. తాకితే గుడ్డ మొనదేలి కోన్ లాగా నిలబడుతుంది. అర అంగుళం నుంచి అంగుళం ముందే ఆగాలి. ఆగేచోట కుట్టు ఒక్కసారిగా తెగకూడదు, చివరి నాలుగైదు కుట్లు మడతకు ఒరుసుకుంటూ సన్నగిల్లి పోవాలి. అక్కడ వెనక్కి కుట్టి ముడివేస్తే గట్టిపడి ముద్ద కడుతుంది. దారం వదిలి చేత్తో ముడి వేస్తుంది చిన్నమ్మ. ఎనిమిది టక్కులకు ఎనిమిది ముడులు, పక్కపక్కనే పెట్టి చూసినా ఒకే ఎత్తు.

ఇవన్నీ కాగితం ఇచ్చినవి. ఇక కాగితం ఇవ్వనివి.

చిన్నమ్మకు కుడి భుజం ఎడమదానికన్నా కాస్త వాలు. బిందె ఎత్తుకున్న భుజమో, పుట్టుకతోనే అంతో. కాగితానికి రెండు భుజాలూ ఒకటే. దినపత్రిక మీద కుడి వైపుకు వేరే గీత గీసి, భుజం చివర పావు అంగుళం దించింది, అంతే మేర చంకనూ దించింది. చంకను దించకపోతే గుండ్రం చిన్నదై చెయ్యి పట్టదు. మెడ వెనక లోతుగా కావాలని ఆమెకు సరదా. లోతు పెంచితే భుజాలు జారతాయి కాబట్టి కాగితంలోనే మెడ వెడల్పు తగ్గించింది. ముందు మెడ అంచు లూజుగా తేలకుండా కాగితాన్ని మెడ దగ్గర సన్నగా చిటికెడు మడత పెట్టి, ఆ మడతను టక్కు బిందువు దాకా తీసుకువెళ్లి అతికించింది. కాగితంలో పోయిన ఆ చిటికెడు గుడ్డ కిందనున్న టక్కులో తేలుతుంది. ఈ విద్యకు ఇంగ్లిషు పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి. ఆమె దాన్ని "మెడకాడ గిల్లేది" అంటుంది.

తరవాత గుడ్డ. చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. వెంకటగిరి చీరకు రెండు వైపులా అంచు ఉంటుంది, జాకెట్టు ముక్కలోనూ అది సాగి వస్తుంది. చేతులకు అంచు రావాలి, లేకపోతే వెంకటగిరి కట్టుకున్న అందమేముంది? చేతి చుట్టు పన్నెండు అంగుళాలు, రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున కుట్టుకు వదిలితే పదిహేను. రెండు చేతులకు ముప్పై. ఒక అంచు మీద రెండు చేతులూ పట్టి, ఇంకా అంగుళమున్నర మిగులుతుంది. ఎదుటి అంచు వీపుకు వెళ్లింది. నడుమ మిగిలినదానిలో రెండు ముందు భాగాలు క్రాసులో, ఒకటి తలకిందులుగా ఒకటి నిటారుగా ఒదిగించాలి. వీపు పక్కన మిగిలిన పేలికలో నడుము పట్టీలు, హుక్కుల పట్టీలు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, నేల మీద పరిచి జరుపుకుంటూ ఉంటే పూట గడిచిపోతుంది. కత్తెర పెట్టేదాకా ఆమె మాట్లాడదు.

క్రాసు ఎందుకంటే, పడుగూ పేకా రెండూ ఏటవాలుగా పడ్డ గుడ్డ సాగి ఒంటికి అతుక్కుంటుంది. అమెరికా ప్యాకెట్టు మీద గీసిన పైదుస్తుకు ఛాతీ కన్నా రెండు మూడు అంగుళాలు వదులు కలుపుతారు, లేకపోతే ఊపిరాడదు. మన క్రాసు జాకెట్టుకు ఆ వదులు అక్కర్లేదు, ఆ పని గుడ్డ సాగుడే చేస్తుంది. ఈ ఒక్క కారణానికే ఆ దేశపు కాగితంతో చీర మీదికి జాకెట్టు కుట్టబోతే సంచిలా వస్తుంది. తప్పు కాగితానిది కాదు, అది వేరే దుస్తు గురించి చేసిన లెక్క.

క్రాసులో కోస్తే గుడ్డ చాలదు. ఒక ముందు భాగం మూలకు చంక కింద చిన్న త్రికోణం తక్కువ పడింది. అక్కడ అతుకు వేసింది. దాన్ని కనిపెట్టడానికి నాకు జాకెట్టు వెలుతురులో పట్టుకోవాల్సి వచ్చింది. అతుకు పోగు దిక్కు అసలు ముక్క పోగు దిక్కుతో కలిసింది, కాబట్టి రెండూ ఒకేలా సాగుతాయి. పైగా అది ఎడమ వైపు ముక్క. పైట ఎడమ భుజం మీదికి పోతుంది, ఎడమ ముందు భాగం ఎప్పుడూ చీర చాటునే ఉంటుంది. గుడ్డలో నేత లోపమున్నా, మరకున్నా, అతుకున్నా ఆ చోటుకే పంపుతుంది. కుడి చెయ్యీ, వీపూ లోకానికి కనిపించేవి. వాటికి మంచి గుడ్డ ఇస్తుంది. లైనింగు గుడ్డను ముందురోజే నీళ్లలో నానబెట్టి ఆరేసింది. అది కుంచించుకుపోతే పైగుడ్డ ముడతలు పడుతుంది, ఆ తరవాత ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు.

ఇప్పుడు లోపలివైపు. ఈ వ్యాసం అసలు దానికోసమే.

పక్క కుట్టు లోపల గుడ్డ అంచు నుంచి ఒకటిన్నర అంగుళాల లోతులో మొదటి కుట్టు ఉంది. దానికి పావు అంగుళం బయట ఇంకో కుట్టు, దానికి పావు అంగుళం బయట మూడోది. మూడు గీతలూ చేతి అంచు దగ్గర మొదలై, చంక మలుపు తిరిగి, నడుము దాకా ఎడం తప్పకుండా నడుస్తాయి. తెలుగిళ్లలో ఇది తెలియని ఆడమనిషి ఉండదు. ఒళ్లు వచ్చిందంటే లోపలి కుట్టు విప్పుతారు, అంతే. పావు అంగుళమే కదా అనుకోవద్దు. ముందుకు పావు, వీపుకు పావు, రెండు పక్కలా కలిపి మొత్తం అంగుళం వస్తుంది. 36 జాకెట్టు ఒక కుట్టు విప్పితే 37, రెండు విప్పితే 38. బయట ఇంకా గుడ్డ మిగిలే ఉంది, కావాలంటే నాలుగో కుట్టుకు.

అమెరికా ప్యాకెట్లలో కుట్టుకు వదిలేది ఒక అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. బుర్దా పత్రిక షీటులో అదీ ఉండదు, మీరే కలుపుకోవాలి. వాళ్ల లెక్కలో దుస్తు ఈరోజు ఒంటికి కుదరాలి. మన లెక్కలో చీర ఎన్నాళ్లు ఉంటుందో జాకెట్టూ అన్నాళ్లు ఉండాలి. చీరకు సైజు లేదు. పెళ్లినాడు కట్టిన చీర కూతురి పెళ్లికీ కట్టుకోవచ్చు. దానికి జోడుగా ఉన్న ముక్క మాత్రం ఒక్కటే, మళ్లీ ఆ నేత, ఆ రంగు దొరకదు. అంచేత మారే ఒంటినీ మారని చీరనూ కలిపే పూచీ ఆ ఒకటిన్నర అంగుళాల మీద పడింది. కానుపులు, థైరాయిడు, యాభై దాటాక వచ్చే నడుము అన్నీ ఆ మడతలో ముందే లెక్కకట్టి ఉంటాయి.

కొన్న కాగితం ఇక్కడ పొట్టిది. పక్కన అంగుళమే వదిలాడు గీసినవాడు. చిన్నమ్మ దినపత్రిక మీద దాన్ని పెంచింది, కానీ ఊరికే పక్కకు జరిపి పెంచలేదు. చంక గుండ్రాన్ని గీత పొడవునా బయటికి సాగదీసి, చివర్న కాస్త పైకి లేపింది. ఎందుకంటే కుట్టు విప్పి బయటికి జరిపిన రోజు చంక చివర బయటి గీత మీదికి వస్తుంది. అక్కడ గుడ్డ వాలుగా కోసి ఉంటే చంకలో గొయ్యి పడుతుంది. చేతి ముక్కకూ అదే వంపు ఇవ్వాలి, లేకపోతే రెండూ కలవవు. అయిదేళ్ల తరవాతి కుదురు కోసం ఈరోజు కోసే కోత ఇది. దీన్ని ఏ సెట్టులోనూ నేను చూడలేదు.

కుట్టే వరసలోనూ ఇదే ముందుచూపు. చాలా పుస్తకాలు పక్కలు మూసి, చేతిని గొట్టంగా చేసి, చివర్న గుండ్రంలో అమర్చమంటాయి. చూపుకు అది నాజూకే. కానీ అలా చేస్తే చంక దగ్గర నాలుగు కుట్లు ముడిపడి బిగుసుకుంటాయి, వదులు చేయాలంటే చేతిని ఊడదీయాలి. చిన్నమ్మ ముందు భుజాలు కలిపింది, చేతులను పరిచి ఉండగానే భుజానికి కుట్టింది, చేతి అంచు మడిచింది, నడుము అంచు మడిచింది. అన్నీ అయ్యాక చిట్టచివర, చేతి అంచు నుంచి నడుము దాకా ఒక్క ఊపులో పక్క మూసింది. అన్నిటికన్నా చివర వేసిన కుట్టు అన్నిటికన్నా ముందు విప్పడానికి వీలవుతుంది. విప్పినప్పుడు మడతలు చెదరవు, చెయ్యి కదలదు. పదిహేను నిమిషాల పని. నేను చూసిన బొటీకు జాకెట్లలో, మగ్గం పని వేలకు వేలు పలికిన వాటిలో కూడా, లోపల గుడ్డను ఓవర్‌లాక్ చేసి అర అంగుళానికి కత్తిరించేసినవి ఉన్నాయి. లోపల శుభ్రంగా ఉండటం మంచిదే, కానీ అది ఆ ఏడాదికి మాత్రమే పనికొచ్చే శుభ్రం. అలాంటిది ఒకటి చూపిస్తే చిన్నమ్మ అటూ ఇటూ తిప్పి, "ఏం పాపా, లోపల గుడ్డే ఇడవలేదే. రేపు ఒళ్లొస్తే ఏం జేస్తావు?" అంది. గంగ జాతర ముందూ, వరలక్ష్మీ వ్రతం ముందూ టైలరు చేతికి జాకెట్టు చిక్కడమే గగనం కాబట్టి ఆ ప్రశ్న ఊరికే వేసింది కాదు.

ఈ మూడు కుట్లకూ హద్దు ఉంది. పక్కన వదిలిన గుడ్డ వెడల్పునే ఇస్తుంది, టక్కుల బిందువును జరపలేదు. రెండు అంగుళాలు దాటి విప్పితే ఛాతీ కుదిరినా టక్కులు పక్కకు తప్పిపోతాయి, భుజం లాగుతుంది. ఇంకోటి, గుడ్డ. టూ బై టూ లాంటి నూలు గుడ్డలో పాత కుట్టు విప్పితే ఒక ఉతుకుకు చిల్లులు మూసుకుంటాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టులోనో, కంచి పట్టులోనో అలా కాదు, సూది గుచ్చిన చోటల్లా చుక్క నిలుస్తుంది. అందుకే పట్టు మీద ఆమె మూడు కుట్లు ముందే వేయదు. బయటి రెండు గీతలకు లోపల గుడ్డ మాత్రం వదిలి, సన్న సూదితో ఒకటే వేస్తుంది. అవసరమైనప్పుడు కొత్త కుట్టు బయట పడుతుంది, పాత చుక్కలు మాత్రం చంక నీడలో ఉంటాయి.

కాళహస్తి కలంకారీ దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన నూలు మీద కలంతో గీసిన గుడ్డ, ఇనుప తుక్కూ బెల్లమూ పులియబెట్టిన నలుపు, పటిక పట్టిన చోట తేలిన ఎరుపు. జాకెట్టు ముక్కల మీద నెమలో, దేవి ముఖమో గీసి అమ్ముతారు. దాన్ని క్రాసులో కోస్తే అమ్మవారు ఒరిగిపోతుంది. కాబట్టి క్రాసు వదులుకోవాలి, నిలువు పోగులోనే కోయాలి. సాగుడు పోయింది గనక ఒంటికి పట్టించడానికి ప్రిన్సెస్ కట్టు, అంటే భుజం నుంచో చంక నుంచో నడుము దాకా నిలువుగా చీల్చి కలిపే కుట్టు తప్పదు. ఆ కుట్టు బొమ్మ ముఖం మీదుగా పోకూడదు. చిన్నమ్మ వీపు మీద బొమ్మను నిలిపి, ముందు భాగాలకు తీగలూ ఆకులూ ఉన్న చోటు ఎంచుకుంది. తీగ ఒక ముక్కలో ఆగిన చోటే రెండో ముక్కలో మొదలయ్యేలా కుట్టు గీత మీద, కోత గీత మీద కాదు, కలిపింది. ఇక్కడ తేడా కుట్టుకు వదిలిన గుడ్డంత ఉంటుంది. కోత దగ్గర కలిపితే కుట్టాక తీగ తెగిపోతుంది. సహజ రంగులు ఎండకూ ఉతుకుకూ మెల్లగా మెత్తబడతాయి. పక్కన దాచిన గుడ్డ మాత్రం ఎండ తగలక ముదురుగానే ఉంటుంది. విప్పిన రోజు పక్కన ముదురు గీత ఒకటి కనిపిస్తుంది. చిన్నమ్మకు అదేం ఇబ్బంది కాదు. "చెయ్యి దించితే యాడ కనపడతాది?" అంటుంది.

ఇక హుక్కులు. మిషను పని అయిపోయాక కూర్చుని చేసేది. మనిషి వంగినప్పుడు ముందు పట్టీ నోరు తెరవకుండా ఒక హుక్కు సరిగ్గా టక్కు బిందువు ఎదురుగా పడాలి. తక్కినవి దానికి పైనా కిందా సమదూరంలో వస్తాయి. చాలామంది పైనుంచి లెక్క మొదలుపెడతారు, ఆమె ఈ నడిమి హుక్కుతో మొదలుపెడుతుంది. కాజాలు దారంతోనే. నాలుగు పోగులు వంతెన కట్టి, వాటిమీద ఒక్కో ముడి పక్కపక్కనే బిగిస్తూ పోతుంది. లోహపు కొక్కీ పెడితే సులువే గానీ, ఉతుకులో చీర జరీకి తగులుకుంటుంది.

ఈ కటింగును చుట్టుపక్కల వాళ్లు అడిగి తీసుకుపోతుంటారు. ఆమె ఇస్తుంది, కానీ దినపత్రిక కాగితాన్ని ఇవ్వదు, కొన్న సెట్టునే ఇస్తుంది. దినపత్రికది తన భుజం, తన మెడ, దానితో వాళ్లకేం పని? కావలసినవాళ్లు తమ పేపరు తెచ్చుకుని ఆమె నేల మీదే పరుచుకోవాలి, పక్కన గుడ్డ ఎంత వదలాలో మాత్రం ఆమె పెన్సిలుతో గీసిస్తుంది. పోయిన నెల ఓణీ వేసుకునే వయసు పిల్ల ఒకతె 32 సైజు దించుకోవడానికి వచ్చింది. ఒకటిన్నర చాలదని, రెండున్నర గీసి పంపింది.